గోడ మీద గుండ్లచేను

మా తమ్ముడు శామ్ నా నోట్లో మట్టి కొట్టాడు. ఈ మాట మొదటి వారమే చెప్పాను, పోయిన వారమూ చెప్పాను, ఈ వారమూ చెబుతున్నాను. చదివేవాళ్ళకు విసుగొస్తే రానీ. వాడు పదో తరగతి దాకా చదివాడని నాయన పాసుపుస్తకం వాడి పేరున రాయించాడు. ఆరో తరగతిలోనే బడికి స్వస్తి చెప్పిన నేను మంగంపేట ముగ్గురాయి గనుల్లో దుమ్ము మింగుతుంటే, వాడు ఇక్కడ కోడుమూరు పక్క మా గుండ్లచేనును సోలారోళ్ళకు అమ్మేశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. నీ భాగమని ఏదో పంపితే వాడి మొహాన కొట్టించాను. ఆనాటి నుంచి వాడి మొహం చూడలేదు, చేను మొహమూ చూడలేదు.

ఈ వయసులో సినిమా తీయడం నేర్చుకోవడానికి చేరింది అందుకే. కోత పండుగ నాడు చర్చి గోడ మీద మా క్లాసు సినిమాలు వేస్తామన్నారు. సంఘమంతా కూర్చుని చూస్తుండగా వాడు చేసిన పని గోడంత పెద్దదిగా చూపించాలి. అంతే నా కోరిక. పోయిన వారం కథ ఆపింది సరిగ్గా అక్కడే. పండుగ ఇంకా వారముందనగా, ఆదివారం ఆరాధన ముగిశాక, చర్చి పక్క రేకుల హాల్లో నా సినిమా వేయబోతూ సుజన మేడం నా నోట్లో పిప్పరమెంటు పెట్టింది.

పిప్పరమెంటు మా క్లాసు కట్టుబాటు. సుజన కర్నూలు నుంచి వారం వారం బస్సులో వస్తుంది. పెద్ద ఊళ్ళో సినిమా చదువు చదివి, పెద్ద సినిమాలు వద్దనుకుని వెనక్కు వచ్చిన మనిషి. ఆమె తీసేవాటిలో కథ ఉండదు, పాట ఉండదు. నీళ్ళ బిందె మీద ఎండ కదలడం, మనిషి లేచిపోయాక కుర్చీ, అట్లాంటివి. మొదటి రోజు నాకు నవ్వొచ్చింది. ఆమె పాఠమేమీ చెప్పదు. తీసుకుని రమ్మంటుంది, తెచ్చింది గోడ మీద వేస్తుంది, మిగతావాళ్ళను మాట్లాడమంటుంది. తీసినవాడు మాత్రం పిప్పరమెంటు కరిగేదాకా నోరు తెరవరాదు.

“మీ సినిమా వెనకాల ఊరూరూ పోయి మీరే ఇడమర్చి చెప్తారా? గోడ మీద ఉండేదే మాట్లాడాల” అంటుంది.

చూసినవాళ్ళు ముందు ఏం చూశారో చెప్పాలి. తర్వాత ఏమైనా అడగాలి. చివర ఏది తీసేయాలో చెప్పాలి. బాగుంది, బాగాలేదు అని ఊరికే అన్నవాడు అందరికీ టీ తేవాలి. చాలాసార్లు తెచ్చింది నేనే.

ఆ రోజు హాల్లో నలుగురమే. సుజన, నేను, మగ్గం నేసే ఓబులేష్, మా మహిమ. ఓబులేష్ అంతకు ముందు వారం మగ్గం గుంటలో ఫోను పెట్టి, తన కాళ్ళు తొక్కడం ఒక్కటే తీసి తెచ్చాడు. చీర కనబడకుండా చీర నేయడమన్న మాట. మహిమ శామ్ కూతురు, కర్నూల్లో డిగ్రీ చదువుతోంది. దాని తండ్రితో నాకు మాటలు లేకపోయినా ఆ పిల్ల నాతో మాట మానలేదు. నన్ను ఈ క్లాసుకు పిలుచుకొచ్చింది కూడా అదే. నా ఉద్దేశం దానికి తెలుసో తెలియదో నేను అడగలేదు.

హాలుకు తలుపులున్నాయి గానీ కిటికీలకు రెక్కలు లేవు. ఓబులేష్ ఇంటి నుంచి చీరలు తెచ్చి కిటికీలకు కట్టాడు. ఒకదానికి పసుపుది, ఒకదానికి కుంకుమ రంగుది, ఒకదానికి నెమలికంఠం. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే లోపలికి రంగు మాత్రమే వస్తోంది. మూసిన రెప్పల వెనక ఎండ ఎట్లా ఉంటుందో ఆ హాలు అట్లా ఉంది. గోడ మీద నా సినిమా మొదలైంది.

సుజన మాకిచ్చిన పని ఇది: ఒక చోటును, అక్కడికి పోకుండా తీయాలి.

మొదట మా ఇంటి చూరు. చూరుకు వేలాడే కొర్రకంకుల కట్ట. ఒక పిచ్చుక వచ్చి పొడిచి, ఇటు చూసి, పోతుంది. తర్వాత హంద్రీ ఏటి ఇసక. గనుల నుంచి తెచ్చిపెట్టుకున్న ముగ్గురాయి పొడి డబ్బాతో పోసుకుంటూ నేను నడుస్తుంటాను. ఆ పొడి బరువు. గాలికి లేవదు, పోసిన చోట పోసినట్టే పడి ఉంటుంది. కళ్ళు మూసుకుని, చేను గట్టు ఎట్లా పోయేదో కాళ్ళను అడుగుతూ గీశాను. తూర్పున వంకర, పెద్ద గుండు దగ్గర మలుపు, దక్షిణం మూల లోపలికి నొక్కుకుని పోయేది, అన్నీ ఉన్నంత కొలతకు. ఏటి గట్టు మీద ఫోను. కింద ఎర్రటి సాయంత్రంలో తెల్లటి చేను. పంట లేదు, మన్ను లేదు, గట్టు ఒక్కటే. దాని చుట్టూ చీమంత మనిషి.

గీసినది నేనే, తీసినది నేనే. అయినా గోడ మీద చూస్తుంటే ఎవరి కలలోకో పొరపాటున వచ్చి కూర్చున్నట్టుంది. పంచె గాలికి ఉబ్బుతోంది. నా నీడ నాకంటే ముందుగా మలుపు తిరుగుతోంది. ఏటి మీదుగా పోయే కొంగల నీడలు తెల్ల గట్టును దాటి చేనులో పడి, అవతల గట్టు దాటి పోయాయి.

చివర అక్షరాలు. ఇసకలో పొడితో మనిషి నిడివి అక్షరాలు రాసి, ఫోను చేతబట్టుకుని ఒక్కొక్క అక్షరం మీదుగా నడుస్తూ తీశాను. శామ్ అమ్మిన భూమి, అని మొదలై, ఆ భూమి ఎంతో చెప్పి ముగుస్తుంది.

గోడ ఖాళీ అయింది. నోట్లో పిప్పరమెంటు ఇంకా లావుగానే ఉంది.

“ఏం చూసినావు, ఓబులేష్?” అంది సుజన.

“కొర్రకంకులు చూసినా. నారతో గాదు, నల్ల ప్లాస్టిక్ పట్టీతో కట్టినారు, వైర్లు కట్టేదానితో. కంకులకు అట్లాంటిది కట్టంగ నేను యాడా చూళ్ళే. మళ్ళ ఇసక. మళ్ళ సుందరన్న ఈపు, సుందరన్న ఈపు, సుందరన్న ఈపు.”

మహిమ కిసుక్కున నవ్వింది. నేను కళ్ళతోనే తిట్టాను.

“ఇంగొకటి మేడం. తూర్పు పక్క ఒక చోట ఈయప్ప కాలెత్తి దాటినాడు. పడమర పక్కకు పోయి ఆడ గూడా దాటినాడు. ఆడ ఏమీ లేదు. ఉత్త ఇసక.”

నేను దాటానా? నాకు తెలియదు. సుజన వెనక్కి తిప్పి మళ్ళీ వేసింది. నిజమే. చీమంత మనిషి సరిగ్గా గట్టు నడిమికి వచ్చి, పంచె కొంచెం ఎత్తి పట్టుకుని, కాలు పైకి లేపి, లేని దాన్నేదో దాటాడు. కళ్ళు మూసుకునే ఉన్నాడు.

“ఏముందప్పా ఆడ?” అన్నాడు ఓబులేష్ నా వైపు తిరిగి. “అయ్యో, నోట్లో బిళ్ళ ఉండాదే పాపం.”

అక్కడ ఏముందో వాడికి చెప్పలేదు, మీకు చెబుతాను. మా అమ్మ విశ్వాసమ్మ చేను నడిమికి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒక సాలు దేవునికి విడిచేది. మొదటి గింజ అందులోనే పడాలి. ఎద్దుకు చెప్పలేము, మనిషి మాత్రం దాన్ని తొక్కకూడదు, దాటాలి. చిన్నప్పుడు నేనూ శామూ గట్టు మీద పరుగెత్తుకుంటూ వచ్చి, అక్కడ నిలబడి, దాటి, మళ్ళీ పరుగెత్తేవాళ్ళం. ఆ సాలులో పండింది కోత పండుగకు బలిపీఠం ముందు పెట్టాలి. వేలంలో పాడుకున్నవాళ్ళు ఇంటికి తీసుకుపోతారు, పాట సొమ్ము సంఘానికి పోతుంది. కరువు ఏడాది మేము గంజినీళ్ళు తాగి పడుకున్నాము గానీ ఆమె ఆ సాలు మీద చెయ్యి వేయలేదు. చేను అమ్మాడని కాదు నాకు ఇంత మంట. ఆ సాలును కూడా అందులో కలిపి అమ్మాడు. మనది కానిది ఎట్లా అమ్ముతావురా అని అడగాలని ఉంది.

“మహిమా, నువ్వేం చూసినావు?” అంది సుజన.

“నల్ల పట్టీ” అంది మహిమ.

“సరే. ఏది తీసేయాల?”

“కడా బొమ్మ” అన్నాడు ఓబులేష్ ఆలోచించకుండా. “కోపం చేసుకోవద్దన్నా. అంతవరకు నాకు కల పడినట్లే ఉండె. కడాకు వచ్చి నన్ను లాక్కపోయి రిజిస్ట్రారాఫీసు బెంచీ మీద కూసోబెడితివి.”

“నేనూ అదే అంటా” అంది మహిమ.

నువ్వు అనకేం, నీ తండ్రి పేరు కదా అనుకున్నాను. పిప్పరమెంటును ఈ దవడ నుంచి ఆ దవడకు తోశాను. ఆ చివరి బొమ్మ కోసం కాదా ఇన్ని ఆదివారాలు పిల్లకాయల పక్కన కూర్చుంది? అది తీసేస్తే ఇంక సినిమా ఎందుకు?

సుజన నా మొహం చూసింది. “సుందరన్నా, శామ్ అనే ఆయన ఎవురో నాకు తెలీదు. ఆయన తరపున మాట్లాడ్డంలా. ఆ కాలు లేచింది చూడు, దాంట్లో అంతా ఉండాది. అది చూసినోనికి ఆడ ఏమో పోగొట్టుకున్యాడు ఈ మనిషి అని గుండెలో తెలిసిపోతాది. ఎనకాల్నే ఆ అక్షరాలు వచ్చి ఆ కాలును నరికేస్తాండాయి.”

జవాబు నాలుక చివర ఉంది, దాని మీద పిప్పరమెంటు ఉంది.

అప్పుడు మహిమ లేచింది. “మేడం, నాది పెద్దనాయన దాని మీదే వెయ్యండి. పక్కన గాదు, మీదనే.”

అట్లాంటి ఆటలు సుజనకు ఇష్టం. సుజన తెచ్చింది కాక, చర్చిలో పాటల సాహిత్యం చూపించే ప్రొజెక్టరు ఇంకొకటి పక్క గదిలో ఉంది. ఓబులేష్ పోయి తెచ్చాడు. ఒకదాంట్లో నా సినిమా, ఒకదాంట్లో మహిమది, రెండూ ఒకే గోడ మీదికి.

నా ఇసక మీద నీలం రంగు పాకింది. మొదట ఏమిటో తెలియలేదు. ఏట్లో ఉన్నట్టుండి నీళ్ళు వచ్చాయేమో అనిపించింది. తర్వాత ఆ నీళ్ళకు మూలలు వచ్చాయి, వరసలు వచ్చాయి. సోలారు పలకలు. నా తెల్ల గట్టు ఆ పలకల మీదుగా పోతోంది. పెద్ద గుండు దగ్గర మలుపు నిజంగా పెద్ద గుండు దగ్గరే పడింది. ఈ పిల్ల మేడం ఇచ్చిన పని పక్కన పెట్టి గుండ్లచేనుకే పోయి, పైనున్న మిట్ట నుంచి తీసి తెచ్చింది. ఇన్నేళ్ళకు చేను నా కళ్ళ ముందుకు వచ్చింది, నేను పోకుండా అదే గోడ మీదికి నడిచి వచ్చింది.

తెల్లవారుజాము వెలుగు దానిది, సాయంత్రం వెలుగు నాది. రెండూ కలిసి ఏ పొద్దూ కాని పొద్దు అయింది. దాని మీద కిటికీ చీరల రంగు. ఎడమ నుంచి నేను నడుస్తున్నాను. కుడి నుంచి ఇంకొకడు వస్తున్నాడు. నెత్తిన పసుపు టోపీ, భుజాన పొడుగు కర్ర చీపురు, వెంట నీళ్ళ పైపు. పలకలు కడిగే కూలివాడు. వాడి నడకలో ఎడమ భుజం కొంచెం కిందికి వాలి ఉంది.

ఆ భుజం నాకు తెలుసు. చింతచెట్టు మీద నుంచి నా వెనకే దూకి విరగ్గొట్టుకున్న భుజం.

ఇద్దరూ తూర్పు గట్టు మీద ఎదురయ్యారు. గోడ మీద మనుషులు ఢీకొనరు. వాడు నాలో నుంచి పోయాడు, నేను వాడిలో నుంచి పోయాను. ఒక్క క్షణం ఒకే మనిషికి రెండు నీడలున్నాయి. అక్కడే, సరిగ్గా అక్కడే, నేను పంచె ఎత్తి కాలు లేపాను. వాడు పైపు ఎత్తి పట్టుకుని కాలు లేపాడు.

“ఒరే నీ! ఈయప్ప గూడా దాటినాడు!” అని ఓబులేష్ అరిచాడు.

తర్వాత, అక్షరాలు రాకముందే సుజన నా సినిమా ఆపింది, చీమంత నేను గోడ మీద నుంచి వెళ్ళిపోయాను. వాడు మిగిలాడు. మహిమ ఫోను వాడి దగ్గరికి పోయింది. రెండు పలకల వరసల నడుమ, కడిగిన నీళ్ళు కారే చోట, మన్ను తడిగా ఉంది. ఆ తడిలో ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే ఒక్క సాలు కొర్ర. కంకులు బరువుకు వంగి ఉన్నాయి. శామ్ కూర్చుని, అటూ ఇటూ చూసి, కొడవలితో కోసి, కట్ట చేసి, జేబులో నుంచి నల్ల పట్టీ తీసి బిగించాడు. తలెత్తి కూతురి ఫోనులోకి చూశాడు. ముసలివాడైపోయాడు వెధవ. పెదవులు కదిలాయి. చప్పుడు లేదు. గోడ ఖాళీ అయింది.

పిప్పరమెంటు పటుక్కుమంది.

“కొరికితివి! కొరికితే లెక్కకు రాదు!” అన్నాడు ఓబులేష్. తర్వాత నా మొహం చూసి ప్రొజెక్టర్లు ఆపడానికి లేచాడు.

పోయిన ఏడాది కోత పండుగలో పేరు లేని కొర్రకంకుల కట్ట ఒకటి వేలానికి వచ్చింది. ఎవరిచ్చారో పాస్టరుకే తెలియదు. అందరూ గుమ్మడికాయలకు, కోళ్ళకు పోటీపడుతుంటే, కొర్ర చూసి చాలా కాలమైందని నేను పాడి తీసుకున్నాను. ఆ నల్ల పట్టీ ఏమిటా అనుకుంటూనే చూరుకు కట్టాను. ఏడాదిగా దాని కింద నుంచే రోజూ ఇంట్లోకి దూరుతున్నాను.

“వాడు ఆడ ఏం చేస్తాండాడు పాపా?” అన్నాను. నా గొంతు నాకే తీపిగా, వేరేవాడిదిగా ఉంది.

“పలకలు కడుగుతాడు. ఆ పని అడిగి తీసుకున్యాడు.”

“కర్నూల్లో అంగడి పెట్టినాడని అందరూ అనిరే?”

“అంగడి యాడిది పెద్దనాయనా? జనాలు చెప్పిరి, నువ్వు నమ్మితివి. పోయినేడు ఆ కట్ట నువ్వు పాడినావని నేను చెప్తే నవ్వినాడు. శానా దినాలకు నవ్వినాడు.”

“నవ్వుతాడు, ఏం పోయింది?” అన్నాను. కోపం తిరిగొచ్చినందుకు ప్రాణం కుదుటపడింది. “ఒక సాలు కొర్ర ఏస్తే చేను తిరిగొస్తాదా?”

“రాదు” అంది మహిమ. “వస్తాదని నేను అన్లే.”

“కడాకు ఏమో అన్యాడే, ఏమన్యాడు?”

“ఆ మాట నేను కోసేసినా. అది నీకు చెప్పిన మాట. గోడకు గాదు.”

“చెప్పు మరి.”

“నేనెందుకు చెప్పాల? ఆయన్నే అడుగు. కోత పండుగకు వస్తాడు. నీ ఫోన్లో నీ సినిమా ముందే చూసి, పెద్దనాయన దాంట్లో నీ పేరుండాది నాయనా, అని చెప్పినా. ఉండనీలే, వస్తా, అనె.” సంచి భుజాన వేసుకుంది. కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకుంటే నేను చూస్తానని. “కడా బొమ్మ ఉంచుతావో తీస్తావో నీ ఇష్టం. క్లాసులో చెప్పాల్సింది చెప్పినా.”

సుజన బస్సుకు, మహిమ ఆమెతో పాటు వెళ్ళిపోయారు. చీరలు రేపు తీసుకుపోతానని ఓబులేష్ కూడా వెళ్ళాడు. హాలు తాళం వేసి ఇస్తానని నేనొక్కణ్ణే ఉండిపోయాను. బయట పొద్దు వాలుతున్నట్టుంది. గోడ మీద రంగులు ఒకదాన్లో ఒకటి ఇంకిపోతున్నాయి.

ఫోను చర్చి ప్రొజెక్టరుకు తగిలించి చివరి బొమ్మ తెరిచాను. గోడ మీద ఇసకలో అక్షరాలు నిలబడ్డాయి. శామ్. ఆ రెండు అక్షరాల మీద నా కాలి గుర్తులు పడి ఉన్నాయి, అప్పుడు చూసుకోలేదు. కత్తిరించే గీత మీద బొటనవేలు పెట్టాను. సుజన మాట కోసం కాదు, ఆ పిల్ల కళ్ళ కోసమూ కాదు. ఆ కాలు లేచింది, వాడిదీ నాదీ ఒకే చోట. ఆ తర్వాత వాడి పేరు చదవడం నాకే కష్టంగా ఉంది. గీతను కొంచెం జరిపాను. పేరు పోయింది. ఇంకొంచెం జరిపాను. అమ్మిన భూమి అన్న మాటలు పోయాయి. ఆ తర్వాత వేలు కదలలేదు. కొలత మాత్రం తీయను. పోయింది పోయిందే. అది గోడ మీద ఉండాల్సిందే.

తలుపు కిర్రుమంది.

పండుగకు ఇచ్చేవి ముందే తెచ్చి హాల్లో మూలన పెట్టిపోవడం మా సంఘంలో ఉంది. పేరు చెప్పడం ఇష్టం లేనివాళ్ళు ఎవరూ లేని వేళ చూసి వస్తారు. వాడు కూడా ఎవరూ ఉండరనుకునే వచ్చి ఉంటాడు. చంకలో పసుపు టోపీ, చేతిలో నల్ల పట్టీ బిగించిన కొర్రకంకుల కట్ట. నన్ను చూసి గడప దగ్గరే ఆగాడు. ఎడమ భుజం వాలి ఉంది.

వాడి చూపు నా మీద నుంచి గోడ మీదికి పోయింది. ఒకదాని వెనక ఒకటి వచ్చే అక్షరాల వెంట చివరి దాకా పోయింది. దేనికోసమో వెతికింది.

“నా పేరుండాదని పాప చెప్పె గదన్నా” అన్నాడు. “యాడ?”

నా నోట్లో పిప్పరమెంటు లేదు. అయినా గోడ వైపే చెయ్యి చూపించాను.

శామ్ కట్టను నేల మీద పెట్టాడు. చర్చిలో వాక్యం చదవడానికి వాడినే లేపేవాళ్ళు చిన్నప్పుడు, మా ఇంట్లో బాగా చదువొచ్చింది వాడికే కదా. అప్పటిలాగే చేతులు కట్టుకుని నిలబడి, గోడ మీద మిగిలినదాన్ని పైకి చదివాడు.

“నాలుగెకరాల పదిహేడు సెంట్లు.”